సిన్సినాటిలో సుభద్రమ్మ

"పంపేసేను," అంది సుభద్రమ్మ.

స్టవ్ దగ్గరున్న సరయు వెనక్కి తిరిగింది. "ఏం పంపిన్రు అత్తమ్మా?"

"నేను చూసుకుంటానని."

"ఏం చూసుకుంటరు?"

"రిషితని. మా జయలక్ష్మి కూతుర్ని. పిల్లకి జ్వరమని తల్లి ఏడుస్తూ మెసేజి పెడితే ఇంకేం జవాబివ్వమంటావు? ఆలోచించే లోపే చెయ్యి కొట్టేసింది."

"ఆ పిల్ల ఉన్నది అమెరికాల. మీరున్నది జర్మనీల, ఎర్లాంగెన్‌ల."

"ఆ సంగతి నాకు తెలీదేంటి?"

ఆవిడకి తెలుసు. తెలియనిది కాకినాడలో ఉన్న జయలక్ష్మికే.

సరయు స్టవ్ ఆపేసి చేతులు తుడుచుకుంది. రాత్రి నానబెట్టిన రాజ్మా గింజలు గిన్నెలో ఉబ్బి ఉన్నాయి. ఇవాళ శనివారం. ఈ ఇంటి లెక్క ప్రకారం ఇవాళ న్యూ ఆర్లీన్స్ వెళ్ళే రోజు. ఆ ఊరివాళ్ళు రాజ్మా, అన్నం కలిపి వండుకుంటారట, సోమవారం సోమవారం బట్టలుతుక్కుంటూ. ఆ ప్రయాణం ఇక సాగేలా లేదని ఆమెకి అప్పుడే అర్థమైంది.

"ఆమె ఏమన్నదో మళ్ళొకసారి పెట్టండి. నేను పూర్తిగ వినలే."

సుభద్రమ్మ ఫోన్ బల్లమీద పెట్టి నొక్కింది. జయలక్ష్మి గొంతు వంటింట్లోకి వచ్చింది.

"సుభద్రా, మా రిషితకి జ్వరమే. దగ్గు కూడానూ. కూడా ఉన్న పిల్లలందరూ ఎవరిళ్ళకి వాళ్ళు పోయేరంట, అపార్టుమెంట్లో ఒక్కర్తే ఉంది. నువ్వు సిన్సినాటిలోనే ఉన్నావు కదా, దేవుడే నిన్ను అక్కడ దింపినట్టుంది. ఒక్కసారి వెళ్ళి రావే. లోపలికెళ్ళకులే, మనకీ వయసైపోయింది. ఇంత చారన్నం గుమ్మం దగ్గర పెట్టి, దూరంనుంచి దాని మొహం చూసి ఎలా ఉందో చెప్పు. నాకంతే చాలు."

మెసేజి అయిపోయింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

సుభద్రమ్మ అమెరికాలో ఉందని జయలక్ష్మికి ఎవరు చెప్పారంటే, ఎవరూ చెప్పలేదు. ఎవరూ కాదని కూడా చెప్పలేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఫిబ్రవరిలో ఆవిడ బయల్దేరుతుంటే సాయంకాలం నడక స్నేహితులంతా, జయలక్ష్మితో సహా, పార్కులో చేరి, శాలువా కప్పి, పూలగుత్తి ఇచ్చి, అమెరికా వెళ్తున్న మా సుభద్రగారు అంటూ తలా నాలుగు మాటలు మాట్లాడి సాగనంపారు. ముందు జర్మనీలో కొడుకు దగ్గర దిగి, ఈస్టర్ సెలవుల్లో అందరూ కలిసి అమెరికా వెళ్ళాలన్నది ఏర్పాటు. నడక స్నేహితుల దృష్టిలో జర్మనీ అంటే విమానం మారే చోటు. అక్కడ సుధీంద్ర ఏళ్ళ తరబడి కాపురం ఉంటున్నాడన్న మాట వాళ్ళ బుర్రల్లో నిలవలేదు.

అమెరికా ప్రయాణం కూడా ఆవిడ తన పద్ధతిలోనే వేసుకుంది. పెద్ద పెద్ద బొమ్మలూ జలపాతాలూ వద్దంది. ఆడపిల్లల హైస్కూల్లో ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ హోమ్ సైన్స్ చెప్పిన మనిషి. ఏ ఊళ్ళో ఏం వండుకుంటారో, ఎందుకు వండుకుంటారో చూస్తే ఊరు చూసినట్టేనని ఆవిడ నమ్మకం. ఫిలడెల్ఫియా, ఫ్రాంకెన్‌మూత్, సిన్సినాటి, న్యూ ఆర్లీన్స్, శాంటా ఫే. ఒక్కో ఊళ్ళో రెండు పూటల భోజనం చేసి కదలాలి. సుధీంద్ర నవ్వుతూనే టిక్కెట్లు కొన్నాడు.

కరోనా వచ్చి మార్చిలో అన్నీ మూతబడ్డాయి. అమెరికా పోయే దారి లేదు, కాకినాడకి విమానమూ లేదు. వీసా గడువు పొడిగించుకోడానికి టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, ఎప్పుడిస్తారో తెలియదు. సుభద్రమ్మ గదిలోంచి రావడం మానేసింది. అడిగితే నడుంనొప్పి అనేది. కొన్నాళ్ళు చూసి సరయే అంది, "మనం అక్కడికి పోలేకపోతే ఏమైంది అత్తమ్మా, ఆ ఊళ్ళనే ఇంటికి తెచ్చుకుందాం" అని.

అలా శనివారాలు అమెరికా అయ్యాయి. పదేళ్ళ ఈషా ఆ ఊరి గురించి చదివి చెప్పాలి. సరయు వండాలి. ఇది ఎవరు తింటారు, ఎప్పుడు తింటారు, ఎందుకిలా వండుతారు అని ప్రశ్నలు వేసి, జవాబులు నచ్చితేనే సుభద్రమ్మ ముద్ద నోట్లో పెట్టేది. ఆవిడ నడుంనొప్పి ఎటు పోయిందో ఎవరూ అడగలేదు.

మొదటివారం ఫిలడెల్ఫియా. ఆ ఊరు మెలితిప్పిన ప్రెట్సెల్ రొట్టెకి పేరని ఈషా చదివింది. అదే రొట్టె కింద బేకరీలో రోజూ దొరుకుతుంది, ఇక్కడ బ్రెట్సెల్ అంటారు. కొని తెచ్చి, ఆవాల ముద్ద పక్కన పెట్టి ఫొటో తీసి, కింద 'ఫిలడెల్ఫియా' అని రాసి సుభద్రమ్మ నడక స్నేహితుల వాట్సాప్ గ్రూపులో పెట్టింది. చేరిపోయారా అంటూ పదిమంది చప్పట్లు కొట్టారు. చేరలేదమ్మా అని రాద్దామనే అనుకుంది. ఈలోగా జయలక్ష్మి ఫోన్ చేసి, "ఎంత సంతోషంగా ఉందే, నువ్వైనా వెళ్ళగలిగేవు" అంది. ఆ గొంతులో అంత సంతోషం విన్నాక నోరు రాలేదు. ఆ పూటకి ఊరుకుంది. అలా ఊరుకున్న పూటలు కలిసి జూన్ దాకా వచ్చేశాయి.

"గ్రూపుల నిజం చెప్పుమని నేను ఎన్నిసార్లు మొత్తుకున్న?" అంది సరయు.

"మొత్తుకున్నావు. కాదన్నానా?"

"ఇప్పుడు చూడండి ఏమైందో."

సుభద్రమ్మ కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది. "ఫోర్చైమ్‌లో నా ఫొటో తీసింది ఎవరు?"

సరయు గిన్నెలో గింజలు కదిపింది.

"కొంచెం ఎడమపక్కకి జరగండి అత్తమ్మా, వెనక జర్మన్ బోర్డు పడుతున్నది, అన్నది ఎవరు?"

అన్నది సరయే. లాక్‌డౌన్ కాస్త సడలించాక అందరూ రైల్లో పక్కనున్న ఫోర్చైమ్‌కి వెళ్ళారు. అమెరికాలో ఫ్రాంకెన్‌మూత్ అనే ఊరిని అచ్చంగా ఈ బవేరియా ఊళ్ళలా కట్టుకున్నారని ఈషా చెప్పడంతో, ఆ వారం ప్రయాణం ఆరుబయటే చేసేద్దామనుకున్నారు. కర్రల చట్రాల పాత ఇళ్ళముందు చీర, స్వెటర్, స్పోర్ట్స్ షూలతో నించున్న సుభద్రమ్మ ఫొటో చూశాక, ఎవరికైనా అనుమానాలున్నా పోయాయి.

"అయినా ఫ్రాంకెన్‌మూత్‌లో కూడా జర్మన్ బోర్డులుంటాయి అమ్మా," అంది ఈషా గుమ్మంలోంచి. "నువ్వు ఊరికే జరిపించావు."

"నువ్వు లోపలికి పో."

"నాయిన్, పోను. నేను కూడా క్యాప్షన్లు రాశాను."

అది కూడా నిజమే. పోయిన శనివారం సిన్సినాటి. స్పగెట్టీ మీద దాల్చినచెక్క, చాక్లెట్ పొడి వేసిన కూర పోసి, పైన చీజ్ తురుము కుప్పగా వేస్తారట. మాంసం బదులు మీల్‌మేకర్‌తో చేశారు. దానికింద 'సిన్సినాటి చాలా నచ్చింది, ఇంకో వారం ఇక్కడే' అని రాసింది ఈషాయే. నిజానికి ఆ కూర మిగిలిపోయి మర్నాడు కూడా తినాల్సి వచ్చిందని దాని బాధ. కాకినాడలో అది మరోలా అర్థమైంది.

తాళం తిరిగిన చప్పుడైంది. సుధీంద్ర పాల డబ్బాల సంచీతో లోపలికి వచ్చాడు. తలమీద సైకిల్ హెల్మెట్, గడ్డం కింద మాస్క్. ముగ్గురి మొహాలూ చూసి చెప్పులు విప్పకుండానే ఆగాడు.

"ఏమైంది?"

సరయు చెప్పింది. అత్తగారి ఎదురుగా ఆమె తన మొగుణ్ని మీరు అనే అంటుంది. "మీ అమ్మగారు చేసిన పని చూసిన్రా?" అని మొదలుపెట్టి అంతా చెప్పింది. అతను హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుని విన్నాడు.

"దీనికి ఇంత రాద్ధాంతం ఎందుకు? సిన్సినాటిలో ఎవరో ఒకరు దొరుకుతారు. మా బ్యాచ్‌లో ఒకడు ఇండియానాలో ఉన్నాడు, వాడికి తెలిసినవాళ్ళుంటారు. వాళ్ళెవరైనా వెళ్ళి అన్నం పెట్టి వస్తారు. సుభద్రగారు పంపించారని చెప్తారు. అందులో అబద్ధమేముంది?"

"అందుల అబద్ధం కానిదేమున్నది?" అంది సరయు.

"సరయూ, ముందు పని జరగాలి."

"నిజం చెప్పుడు పని కాదా? ఇప్పుడే ఫోన్ చేసి చెప్పాలె. నేను ఇక్కడున్న, రాలేను, వేరే ఎవరినైనా పంపుకోండి అని. గంట ఆలస్యం అయితే గంట ఆ పిల్లకే నష్టం. నువ్వు ప్రతిదానికీ ఇట్లనే అంటవు, చూద్దాం, చేద్దాం అని."

నువ్వు అనేసిందని ఆమెకి అన్నాక తెలిసింది. సుధీంద్ర విననట్టు పాలు ఫ్రిజ్‌లో పెట్టాడు. సుభద్రమ్మ కూడా విననట్టే కూర్చుంది.

"చెప్తాను," అంది సుభద్రమ్మ. "చెప్పనని ఎవరన్నారు? ముందు వాడు ఎవరినైనా ఏర్పాటు చెయ్యనీ. పిల్ల దగ్గిరికి మనిషి వెళ్ళేడు అని చెప్పి, ఆ వెంటనే నా సంగతి కూడా చెప్పేస్తాను. ఉత్త చేతుల్తో ఎలా చెప్పనే అమ్మా? మీ మావయ్య పోయినప్పుడు పదకొండు రోజులూ జయ మా ఇంట్లోనే పడుకుంది. నాకు తలదువ్వి జడేసింది. అలాటి మనిషికి నేను నాటకమాడేనని చెప్పడం నీకు తేలిగ్గా కనపడుతోందేమో."

సరయుకి జాలేసింది, కోపం తగ్గలేదు. రెండూ ఒకేసారి ఉండడంతో ఏమనాలో తోచక రాజ్మా గింజల నీళ్ళు పారబోసి మళ్ళీ కొత్త నీళ్ళు పోసింది.

అప్పుడే ఫోన్ మోగింది. జయలక్ష్మి నుంచి ఇంకో మెసేజి.

"నా ప్రాణం లేచొచ్చిందే సుభద్రా, నీ జవాబు చూసి. మా అన్నయ్య కొడుకు విక్రాంత్ కొలంబస్ నుంచి కారేసుకుని బయల్దేరతానన్నాడు. వాడి పెళ్ళానికి మొన్ననే పురుడొచ్చింది, చంటిదాన్ని పెట్టుకుని ఈ జ్వరాల్లోకి వాణ్ని ఎలా రమ్మంటాను? సుభద్ర పిన్ని ఉందిరా అక్కడ, నువ్వు కదలకు అని చెప్పేసేను. నువ్వు ఎప్పుడెళ్తావో చెప్పు."

ఈసారి ఎవరూ తప్పెవరిదని అడగలేదు.

వెళ్ళబోయిన ఒక్క మనిషీ సుభద్రమ్మ మాట విని ఆగిపోయాడు. ఆ పిల్ల జ్వరంతో ఒక్కర్తే ఉంది. ఈ రెండు సంగతులూ పక్కపక్కనే నిలబడి ముగ్గురినీ చూస్తున్నట్టుంది.

"ముందు ఆ అమ్మాయికి ఫోన్ చేద్దాం," అన్నాడు సుధీంద్ర. గొంతులో ఇందాకటి ధీమా లేదు.

జయలక్ష్మి పంపిన నంబరుకి చేశారు. ఎత్తలేదు. అక్కడింకా తెల్లారలేదన్నాడు సుధీంద్ర. జ్వరంలో నిద్రపట్టి ఉంటుందంది సరయు. సుభద్రమ్మ మళ్ళీ చేసింది. మళ్ళీ ఎత్తలేదు. 'నేను సుభద్ర ఆంటీని, లేవగానే చెయ్యమ్మా' అని రాసింది.

సుధీంద్ర ఇండియానా స్నేహితుడికి మెసేజి పెట్టి, బదులు కోసం ఫోన్‌కేసి చూస్తూ హాల్లో అటూ ఇటూ తిరిగాడు. కిటికీ కింద సైకిళ్ళు వెళ్తున్నాయి. ఎవరో పిల్లలు బెల్లు కొట్టుకుంటూ నవ్వుకుంటున్నారు. వంటింట్లో ఎవరూ ఏమీ వండలేదు.

"నానమ్మా, ఇవాళ న్యూ ఆర్లీన్స్ వెళ్తున్నామా లేదా?" అని ఈషా మెల్లగా అడిగింది.

"ఇవాళ ఎక్కడికీ వెళ్ళటం లేదమ్మా. అసలు మనం ఎక్కడికీ వెళ్ళలేదు."

ఆ మాట సుభద్రమ్మ ఈషాకి చెప్పిందో తనకి తాను చెప్పుకుందో తెలియదు. చెప్పాక మాత్రం ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తనకి ఎంతో ఇష్టమైన ఆట అది. ఆ శనివారాల్లో ఆవిడ నిజంగానే ఊళ్ళు చూసింది. ఇప్పుడవన్నీ దొంగతనంగా తిన్నట్టు అనిపిస్తోంది.

భోజనాల వేళకి అన్నం, పెరుగు, ఆవకాయ పెట్టుకున్నారు. సుభద్రమ్మ కలుపుకుని ఊరికే కూర్చుంది. చెయ్యి ఎంగిలిగా ఉండగానే వీడియో కాల్ వచ్చింది. రిషిత.

సరయు ఫోన్ అందుకుని నీళ్ళ చెంబుకి ఆనించి నిలబెట్టింది. తెరమీద ఒక అమ్మాయి, కంబళి గడ్డం దాకా లాక్కుని, జుట్టు రేగిపోయి ఉంది. పెదాలు ఎండిపోయాయి.

"ఆంటీ, నమస్తే." వెంటనే దగ్గొచ్చింది.

"రిషితా, మాట్లాడకమ్మా. ముందు నేను చెప్పేది విను." సుభద్రమ్మ ఎంగిలి చెయ్యి అలాగే పట్టుకుని తొందరగా అనేసింది. "నేను అక్కడ లేనమ్మా. సిన్సినాటిలో లేను. జర్మనీలో మా అబ్బాయి దగ్గరే ఉన్నాను. ఫొటోలన్నీ ఇక్కడివే. మీ అమ్మ నమ్మింది, నేను కాదని చెప్పలేదు. తప్పు నాదే. నీ దగ్గరికి ఎవర్నైనా పంపే ఏర్పాటు చేస్తున్నాం, నువ్వు మాత్రం..."

"మీరు రావట్లేదా?"

ఆ అమ్మాయి మొహంలో ఏడుపు వస్తుందని సుభద్రమ్మ భయపడింది. దానికి బదులు ఆ అమ్మాయి కళ్ళు మూసుకుని తల వెనక్కి వాల్చేసింది.

"నిజంగా రావట్లేదా ఆంటీ? థాంక్ గాడ్. మీరు వస్తున్నారని అమ్మ పెట్టిన మెసేజి చూసినప్పట్నుంచీ నాకు కంగారుగా ఉంది. మీరెళ్ళి ఆ తలుపు కొడితే ఏం చెయ్యాలా అని."

"ఏ తలుపమ్మా?"

"నా అపార్టుమెంటు తలుపు. నేనూ అక్కడ లేను ఆంటీ."

సుధీంద్ర కుర్చీ జరిపాడు. సరయు అతని మోచెయ్యి పట్టుకుని ఆపింది.

"మార్చిలో కాలేజీ మూసేశారు. అందరూ వెళ్ళిపోయారు. ఆ బిల్డింగులో నేనొక్కదాన్నే... రాత్రిళ్ళు లిఫ్టు చప్పుడైనా భయమేసేది. అందుకని పక్క రాష్ట్రంలో ఉన్న లూయీవిల్ వచ్చేశాను. ఇక్కడ..."

వాక్యం పూర్తి కాలేదు. దగ్గు ముంచుకొచ్చింది. ఆ దగ్గు మధ్యలో ఎవరిదో మగచెయ్యి తెరమీదికి వచ్చి ఒక గిన్నె అందించింది. అందులోంచి ఆవిరి వస్తోంది.



"ఎవరమ్మా అది?" అంది సుభద్రమ్మ.

చెయ్యి ఆగింది. తరవాత ఒక కుర్రాడి మొహం తెరమీదికి వంగింది. మాస్క్ ఉంది. "నమస్తే ఆంటీ. నేను అఖిలేష్. మాది కరీంనగర్. ఇక్కడ జాబ్ చేస్తున్న. పొద్దుగాల జ్వరం జర తగ్గింది ఆంటీ. టెస్ట్ చేయించిన, రిజల్ట్ సోమవారం వస్తదన్నరు. మెట్లెక్కితే ఆయాసం వస్తున్నది, ఎక్కువైతే వెంటనే తీస్కరమ్మని డాక్టర్ ఫోన్ల చెప్పిండు."

"ఆ గిన్నెలో ఏంటి?"

"చారు ఆంటీ."

"మిరియాలు వేసేవా?"

"ఏసిన. కొంచెం ఎక్కువనే పడ్డయి."

"పర్లేదు," అంది సుభద్రమ్మ. ఆ మాట ఎందుకందో ఆవిడకే తెలియలేదు. స్నేహితురాలి కూతురు, తెలియని ఊళ్ళో, ఎవరో తెలియని కుర్రాడి ఇంట్లో ఉంటే, తను మిరియాల గురించి అడిగింది.

"అమ్మకి ఇతని సంగతి తెలీదు ఆంటీ," అంది రిషిత. గొంతు బాగా సన్నగా వస్తోంది. "చెప్పకండి. నేనే చెప్తాను. తగ్గేక, లేచి కూర్చుని, నా నోటితో నేనే చెప్తాను. ఇలా పడుకుని ఉండగా ఎవరో చెప్తే తను తట్టుకోలేదు. నేను కూడా ఇప్పుడు తనతో దెబ్బలాడలేను. ప్లీజ్ ఆంటీ. మీరే అర్థం చేసుకోగలరు."

తనే ఎందుకు అర్థం చేసుకోగలదో సుభద్రమ్మకి వేరే చెప్పక్కర్లేకపోయింది. మొహం ఎర్రబడింది.

మళ్ళీ దగ్గు వచ్చింది. ఈసారి అది ఆగలేదు. అఖిలేష్ "తర్వాత చేస్తం ఆంటీ" అన్నాడు. తెర నల్లబడింది.

ఈషా అందరికంటే ముందు మాట్లాడింది. "సో, సిన్సినాటిలో ఎవ్వరూ లేరా?"



"ఇప్పుడు చెప్పొద్దు అత్తమ్మా," అంది సరయు.

సుధీంద్ర తెల్లబోయి చూశాడు. "పొద్దుట్నుంచీ చెప్పాలి, చెప్పాలి అని ప్రాణం తీసింది నువ్వే కదా."

"అప్పుడు అది మన అబద్ధం. చెప్పేస్తే మన పరువు పోతుండె, అంతే. ఇప్పుడు చెప్తే ఆ విక్రాంత్ ఖాళీ ఇంటికి పోయి తలుపు కొడ్తడు. ఆ పిల్ల ఎటు పోయిందని అక్కడ తల్లి గుండె ఆగుతది. ఇక్కడ ఊపిరాడని పిల్లని పట్టుకుని అందరూ ఫోన్ల మీద నిలదీస్తరు. పిల్ల దగ్గర మనిషి ఉన్నడు కదా. చారు పెడుతున్నడు, డాక్టర్‌తోటి మాట్లాడిండు. నాలుగు రోజులు ఆగితే ఏం పోతది?"

"ఏం పోతుందా? ఆ అమ్మాయికి ఏమైనా అయితే? ఎవడో ఏంటో తెలీదు వాడు. తల్లి అడిగితే, మాకు తెలుసండీ కానీ చెప్పలేదు అంటామా? అమ్మ ఏదో ఆటకి ఫొటోలు పెట్టడం వేరు. ఇది వేరు. ఇప్పుడే చెప్పెయ్యాలి, మొత్తం."

"ఇందాక ఎవరినో పంపి అత్తమ్మ పేరు చెప్పిద్దామన్నది మీరే."

"అన్నాను. అప్పుడు నాకు ఇది తెలుసా?"

సుభద్రమ్మ వాళ్ళిద్దరినీ మార్చి మార్చి చూసింది. పొద్దున కోడలు చెప్పింది న్యాయంగా ఉంది. ఇప్పుడు కొడుకు చెప్తున్నదీ న్యాయంగానే ఉంది. కోడలు ఇప్పుడంటున్నది కూడా కాదనలేకుండా ఉంది. ఎవరి మాట వింటుంటే వాళ్ళ మాటే సరైనదనిపిస్తోంది. ఇన్నేళ్ళూ వందల మంది ఆడపిల్లలకి ఏది ఎంతసేపు ఉడకాలో నిక్కచ్చిగా చెప్పిన మనిషికి, ఒక్క మాట ఎప్పుడు చెప్పాలో తెలియకుండా పోయింది.

లేచి చెయ్యి కడుక్కుంది. తువ్వాలుతో తుడుచుకుంటూ చాలాసేపు సింకు దగ్గరే నించుంది.

"నా సంగతి నేను చెప్తాను," అంది చివరికి, వెనక్కి తిరక్కుండానే. "నేను అక్కడ లేనని చెప్పేస్తాను. అది నా తప్పు, నేను ఒప్పుకోవాలి. పిల్ల సంగతి పిల్లది. అది నేను ఎత్తను. ఫోన్లో మాట్లాడేను, తెలిసినవాళ్ళు చూస్తున్నారు అంటాను. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ చెప్పను."

"తెలిసినవాళ్ళెవరని అడుగుతది," అంది సరయు.

"అడిగినప్పుడు చూద్దాం."

అది కొడుకు మాట. అది విని సుధీంద్ర తల దించుకున్నాడు.

ఆవిడ కుర్చీలోకి వచ్చి కూర్చుని జయలక్ష్మి నంబరు కోసం వెతుకుతుండగానే ఫోన్ మోగింది. జయలక్ష్మే. సుధీంద్ర స్పీకర్ పెట్టబోతే వద్దని చెయ్యి అడ్డం పెట్టింది. మళ్ళీ ఏమనుకుందో తనే పెట్టింది.

"సుభద్రా," అంది జయలక్ష్మి. ఏడుస్తోంది. "నీ రుణం ఏ జన్మకి తీర్చుకోను?"

"జయా, నేను చెప్పేది..."

"ఇప్పుడే రిషితతో మాట్లాడేనే. వీడియో వద్దంది, ఓపిక లేదంది. మాట్లాడుతుంటే వెనకాల ఎవరో గిన్నె పెట్టిన చప్పుడైంది. ఎవరే అంటే, సుభద్ర ఆంటీ వచ్చేరమ్మా, చారు పెట్టేరు అంది. గుమ్మంలోంచి చూసి రమ్మంటే లోపలికే వెళ్ళేవా? నీకు భయం వెయ్యలేదా? నేను కన్నతల్లినై ఇక్కడ కూచున్నాను, నువ్వెళ్ళి దాని నోట్లో చారు పోసేవు."

సరయు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. సుధీంద్ర గోడకి ఆనుకున్నాడు. చెప్పొద్దని సరయు తల అడ్డంగా ఊపుతోంది. చెప్పమన్నట్టు సుధీంద్ర చూస్తున్నాడు. సుభద్రమ్మ ఇద్దరినీ చూడలేదు.

ఊరుకుంటే చాలు. ఇన్నాళ్ళూ ఊరుకున్నట్టే ఈ ఒక్క పూటకీ ఊరుకుంటే పిల్ల కోరికా తీరుతుంది, తన పరువూ నిలుస్తుంది, జయలక్ష్మి ఇవాళ కంటినిండా నిద్రపోతుంది.

"ఇంక నాకు దిగుల్లేదు," అంటోంది జయలక్ష్మి. "విక్రాంత్‌కి కూడా చెప్పేసేను, నువ్వు రెండ్రోజులకోసారి ఫోన్ చేస్తే చాలురా అని. రాత్రికి దానికి ఆయాసం గట్రా వస్తే నువ్వే హాస్పిటల్‌కి తీసుకెళ్ళు. నన్ను అడగడానికి కూడా ఆగకు. అక్కడ దానికి తల్లివి నువ్వే."

సుభద్రమ్మకి మెట్లెక్కితే వస్తున్న ఆయాసం గుర్తొచ్చింది. ఈ రాత్రి ఏదైనా జరిగితే, తను ఉన్నానన్న ధైర్యంతో ఆ తల్లి నిద్రపోతూ ఉంటుంది.

"జయా," అంది. "నేను అమెరికా రాలేదే. ఒక్కరోజు కూడా రాలేదు. ఎర్లాంగెన్‌లో మా వాడి ఇంట్లోనే ఉన్నాను. ఆ ఫొటోలన్నీ ఇక్కడివే. నీకు చెప్పకుండా నాటకమాడేను. నన్ను ఏమైనా అను."

కాకినాడలో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు మాత్రం వినిపిస్తోంది. సుభద్రమ్మ కళ్ళు మూసుకుంది. తిట్టనీ, ఏడవనీ, ఫోన్ పెట్టెయ్యనీ, అన్నిటికీ సిద్ధపడింది.

జయలక్ష్మి తిట్టలేదు. చాలాసేపటికి, గొంతు పూర్తిగా మారిపోయి, నెమ్మదిగా అడిగింది.

"మరి దానికి చారు పోసింది ఎవరే?"